పొద్దు వాలేలోగా బ్రోకెన్ హిల్

పోయిన వారం క్లారీ పాస్కోని వంటింటి మధ్యలో బకెట్టుతో వదిలేశాం. పాపం, ఆయన ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు.

గుర్తున్నవాళ్ళకి గుర్తుంటుంది, లేనివాళ్ళ కోసం రెండు ముక్కలు. మిల్డ్యూరా ఊరి చివర ద్రాక్షతోటలో ఒంటరిగా ఉండే డెబ్బై అయిదేళ్ళ క్లారీ ఉన్నట్టుండి ఒక మాట అన్నాడు. గురువారం బ్రోకెన్ హిల్ వెళ్ళాలి, పొద్దున వెళ్ళి పొద్దు వాలేలోగా వచ్చెయ్యాలి. ఎందుకని కూతురు గ్లెనిస్ అడిగితే "పనుంది" అన్నాడు. ఏం పనని అల్లుడు ట్రెవర్ అడిగితే "వెళితే తెలుస్తుంది" అన్నాడు. భార్య ఎడ్నా పోయాక మంగలి షాపుకి తప్ప గడప దాటని మనిషి, మూడు వందల కిలోమీటర్ల ఎర్రమట్టి దాటి ఆ గనుల ఊరికెందుకో ఎవరికీ అంతుబట్టలేదు. ఇటు చూస్తే గ్లెనిస్‌కి శుక్రవారం గడువు. వృద్ధుల వసతి గృహంలో ఒక గది ఖాళీ అయింది. తీసుకుంటారా, ఇంకొకరికి ఇచ్చెయ్యనా అని మేట్రన్ అడుగుతోంది. తండ్రి బుర్ర సరిగ్గా ఉంటే ఆ గది అక్కర్లేదు. లేదంటే తోట కౌలుకిచ్చేసి, ఆయన్ని ఆ గదిలో దింపి రావాలి. నాలుగు రోజులుగా ఆమె తండ్రిని తండ్రిలా చూడటం మానేసి డాక్టరు రోగిని చూసినట్టు చూస్తోంది. ఆ సంగతి ఆమెకే నచ్చడం లేదు.

ఇవాళ మంగళవారం. మధ్యాహ్నం భోజనాలయ్యాక ముగ్గురూ ప్రయాణం సంగతి తేల్చుకుందామని కూర్చున్నారు. తేలింది ఏమీ లేదు.

"ఆ బకెట్టెందుకు నాన్నా?" అని గ్లెనిస్ మళ్ళీ అడిగింది.

"కార్లో పెట్టడానికి."

"కార్లో ఎందుకు?"

"చేత్తో పట్టుకుని కూర్చోలేను కదా అంతసేపూ."

ట్రెవర్ నవ్వాపుకోడానికి మ్యాపులో తల దూర్చాడు. అతను నీటిపారుదల గొట్టాలు అమ్మే షాపు నడుపుతాడు. ఏదైనా ఒక చివర్నుంచి ఇంకో చివరికి తిన్నగా వెళ్ళాలని అతని నమ్మకం. అందుకే ఈ ప్రయాణం అతన్ని నాలుగు రోజులుగా తిననివ్వకుండా చేస్తోంది.

"చూడండి మావయ్యా. చీకట్లో బయల్దేరకూడదు, కంగారూలు. చీకటి పడ్డాక తిరిగి రాకూడదు, మళ్ళీ కంగారూలు. జూలై నెల, పొద్దు చిన్నది. తెల్లారాక బయల్దేరితే వెంట్‌వర్త్, తర్వాత కూంబా దగ్గర పెట్రోలు బంకు, ఆ తర్వాత ఇంకేమీ లేదు, తిన్నగా బ్రోకెన్ హిల్. పదకొండుకి చేరతాం. వాళ్ళ గడియారం మనకంటే అరగంట వెనక. అంటే పదిన్నరే. అరగంట మిగిలింది."

"వచ్చేటప్పుడు పోతుందిగా ఆ అరగంట," అంది గ్లెనిస్.

"ఎందుకు పోతుంది? అది వాళ్ళ అరగంట."

"ఎవరి అరగంటైతేనేం ట్రెవర్? సూర్యుడు ఒక్కడేగా! మనకి అయిదుంపావుకి పొద్దుగుంకితే వాళ్ళ గడియారంలో నాలుగూ ముప్పావుకే గుంకుతుంది."

ట్రెవర్ వేళ్ళు మడిచాడు, విప్పాడు, మళ్ళీ మడిచాడు. ఆ ఊరు పేరుకి సిడ్నీ వాళ్ళ రాష్ట్రంలో ఉన్నా గడియారం మాత్రం అడిలైడ్ వాళ్ళది పెట్టుకుంటుంది. అటు వెళ్ళే ప్రతి మిల్డ్యూరా కుటుంబం బయల్దేరే ముందు ఒకసారి ఈ అరగంట దగ్గర పోట్లాడుకుంటుంది. కలపాలా తీసెయ్యాలా అన్నది ఏ ఇంట్లోనూ ఒక్కసారితో తేలదు.

"ఇంత తంటా ఎందుకు? ఆ రాత్రికి అక్కడే ఏ మోటెల్లోనో పడుకుని మర్నాడు తీరిగ్గా వచ్చేద్దాం," అన్నాడు ట్రెవర్ చివరికి.

"రాత్రి ఉండను," అన్నాడు క్లారీ.

"పోనీ మావయ్యా, ఊళ్ళో మంచి హోటల్లో..."

"ఉండనన్నానా!"

అంతే. చెప్పి బకెట్టు పట్టుకుని పెరట్లోకి వెళ్ళిపోయాడు. గ్లెనిస్ వెనకే వెళ్ళి చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. అరుగు మీద రెండు పెద్ద నీళ్ళ క్యాన్లు, రెండు పెట్రోలు డబ్బాలు, మూడు ఫ్లాస్కులు, రెండు రొట్టెలు, గుడ్డలో చుట్టిన చల్లటి మేక మాంసం, మడత కుర్చీ ఒకటి, ఉప్పు పొట్లంతో సహా పేర్చి ఉన్నాయి. వాటి పక్కన ఇప్పుడు బకెట్టు. పాతిక వేల మంది ఉండే పట్నానికి మనిషి ఎడారి దాటే బేహారిలా సరంజామా కట్టుకున్నాడు.

"నాన్నా, అక్కడ నీళ్ళు దొరుకుతాయి."

"దొరుకుతాయి. మనకి దొరకవు."

"మనకి దొరక్కపోవడమేంటి?"

ఆయన ద్రాక్ష కత్తిరింపుల కత్తెర తీసుకుని తోటలోకి నడిచాడు. నడక తిన్నగా ఉంది. కత్తిరించాల్సిన తీగ దగ్గరే ఆగాడు. ఉంచాల్సిన మొగ్గలు ఉంచాడు, పోవాల్సిన కొమ్మని కోశాడు. చేతులకి అంతా గుర్తుంది, మాటలే ఏమిటో అర్థం కావడం లేదు. గ్లెనిస్‌కి భయం వేసింది. పిచ్చి కుదిరింది, రోకలి తలకి చుట్టమన్నాడట ఒకడు. తన తండ్రికి పిచ్చి పట్టిందో, ఆ రోకలి వెనక ఏదైనా కారణం ఉందో ఆమెకి తేలడం లేదు.

వంటింట్లో ట్రెవర్ గొంతు తగ్గించాడు.

"నాకొకటి తోస్తోంది గ్లెన్. కాదనకు. ఆయన్ని కాదంటే వినడు. సరే అందాం. గురువారం పొద్దున ఆ బకెట్టుతో సహా అన్నీ ఎక్కించి బయల్దేరదాం. వెంట్‌వర్త్ దాకా వెళ్దాం. అరగంట దారి. అక్కడ నదులు కలిసే చోట దిగి, తెచ్చుకున్నది తిని, కారేదో చప్పుడు చేస్తోందని చెప్పి వెనక్కి తిప్పేద్దాం. ప్రయాణం చేసినట్టూ ఉంటుంది, మనకి ప్రాణమూ హాయి."

"నాన్నని మోసం చెయ్యమంటావా?"

"మోసం అని ఎందుకనుకోవాలి? ముచ్చట తీర్చడం. శుక్రవారం ఎలాగూ..."

అతను ఆ వాక్యం పూర్తి చెయ్యలేదు. గ్లెనిస్ చెయ్యమని అడగలేదు. తల ఊపింది. ఊపినందుకు తన మీద తనకే అసహ్యం వేసి, తోమిన గిన్నెలే మళ్ళీ తోమడం మొదలుపెట్టింది. ట్రెవర్ కారు టైర్లలో గాలి చూస్తానని బయటికి వెళ్ళాడు. వెళ్ళేది వెంట్‌వర్త్ దాకానే అయినా గాలి సరిగ్గా ఉండాలి కదా, అలాంటి మనిషి అతను.

క్లారీ వెనక గుమ్మంలోంచి ఎప్పుడొచ్చాడో ఆమె చూడలేదు.

"వెంట్‌వర్త్‌లో ఏం చూపిస్తారట నాకు?"

గ్లెనిస్ చేతిలో గిన్నె జారి తొట్టెలో పడింది.

"ముర్రే నదీ చూశాను, డార్లింగ్ నదీ చూశాను. రెండూ కలవడం నువ్వు పుట్టక ముందే చూశాను. కారు ఎక్కడ చప్పుడు చెయ్యాలో కూడా అల్లుడు నిర్ణయించాడా, లేక అది దాని ఇష్టమేనా?"

"నాన్నా, అది కాదు..."

"ఇంకోటి కూడా చెప్పు. ఆ గది కిటికీ ఎటువైపుందట? తూర్పైతే పొద్దున్నే ఎండ కళ్ళల్లో పడుతుంది, నాకు పడదు."

ఆమె కుర్చీ వెతుక్కుని కూర్చుంది. "ఎవరు చెప్పారు?"

"మీ మేట్రనమ్మే. నిన్న మీ ఇంటికి చెయ్యబోయి నా ఇంటికి చేసింది ఫోను. 'మీ నాన్నగారి సంగతి ఏం నిర్ణయించుకున్నారండీ' అంది. 'మా నాన్న పోయి ముప్పై ఏళ్ళయిందమ్మా, ఆయన గురించి బెంగ పెట్టుకోకండి' అన్నాను."

మరో రోజైతే నవ్వేది. ఇప్పుడు ఏడుపొచ్చింది. ఏడుపొచ్చిందని కోపం కూడా వచ్చింది.

"మరి నన్నేం చెయ్యమంటావు? నువ్వే చెప్పు! పెద్ద పట్నానికి వెళ్తూ నీళ్ళు కట్టుకుంటావు. రొట్టె కట్టుకుంటావు. పెట్రోలు మోసుకెళ్తానంటావు. ఎందుకని అడిగితే మూగనోము పడతావు. నీకు మతి ఉందో పోయిందో నాకెలా తెలియాలి? అమ్మ ఉంటే అమ్మనడిగేదాన్ని. ఎవర్నడగను? నేనేమైనా నిన్ను వదిలించుకోవాలని చూస్తున్నానా? రాత్రుళ్ళు నిద్ర పట్టక చస్తున్నాను!"

క్లారీ ఆమె ఎదురుగా కూర్చున్నాడు. కత్తెర బల్ల మీద పెట్టాడు.

"ఆ ఊళ్ళో నాకు ఎవరూ గుక్కెడు నీళ్ళు పొయ్యరు, అమ్మాయ్."

"నీకు ఆ ఊరితో ఏం పని? నువ్వెప్పుడు వెళ్ళావక్కడికి?"

"వెళ్ళడం ఏంటి. పుట్టిందే అక్కడ."

గ్లెనిస్ ఆయన్ని తేరిపార చూసింది. చిన్నప్పట్నుంచీ ఆమెకి తెలిసిన కథ వేరు. నాన్నది పోర్ట్ పిరీ అనే రేవు పట్నం. అమ్మానాన్నలకి ఆయన ఒక్కడే. వెనకా ముందూ ఎవరూ లేరు. బడిలో వంశవృక్షం గియ్యమంటే ఆమె నాన్న వైపు ఒక్క గీతతో వదిలేసింది. టీచరమ్మ "పాపం చెట్టు ఒక్కవైపే కాసింది" అంది కూడా.

"పోర్ట్ పిరీ అన్నావు."

"రైలు మారడానికి దిగానోసారి."

"నాన్నా!"

"గనిలో ఉండేవాళ్ళం, నేనూ మా అన్న పెర్సీ. ఆ ఊళ్ళో పుట్టినవాడికే గనిలో పని, అక్కడ పుట్టడమే ఒక ఆస్తి. మా అన్న యూనియన్‌లో పెద్ద తలకాయ. నువ్వింకా పుట్టలేదు, మీ అమ్మకీ నాకూ పెళ్ళై ఏడాదైంది. అప్పుడు మా గనిలో సమ్మె వచ్చింది. నేను పనిలోకి వెళ్ళాను."

ఆమెకి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక అస్సలు అర్థం కాలేదు. ఈ మనిషే కదా, ఇక్కడ ద్రాక్ష కోసే కూలీలు పని ఆపేసిన ఏడాది, తోట యజమాని అయ్యుండీ వాళ్ళకి రోడ్డు మీద టీ కాచి పోసింది! కాయ తీగ మీదే ఎండిపోతుంటే చుట్టుపక్కల తోటల వాళ్ళు ఈయన్ని తిట్టని తిట్టు లేదు. "నిలబడ్డవాళ్ళని దాటి నడవకూడదు గ్లెనిస్, ఎంత అవసరమైనా," అని చెప్పి పదేళ్ళ పిల్లని ఆ రోజు బస్సు దిగాక చుట్టుదారిన ఇంటికి నడిపించింది ఈయనే. అది వేరే మనిషా? ఇది వేరే మనిషా?

"అందరూ సమ్మెలో ఉంటే నువ్వెళ్ళావా?"

"మూడు షిఫ్టులు. నాలుగో రోజుకి సమ్మె ముగిసింది. మూడు షిఫ్టుల కోసం."

"ఎందుకు? అమ్మకి ఒంట్లో బాలేదా? ఇంట్లో తిండి లేదా?"

"అలా ఉంటే బాగుండేది. నిన్నిప్పుడు సంతోషపెట్టి ఉండేవాణ్ణి. తిండి ఉంది. యూనియనే పిండీ మాంసం ఇంటింటికీ పంచింది. మా ఇంటికి పెర్సీనే మోసుకొచ్చాడు." క్లారీ కత్తెరని ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. "కూర్చో అంటే కూర్చోవాలి, లే అంటే లేవాలి. పుట్టినప్పట్నుంచీ వాడు చెప్తే నేను వినడమే. ఆ పిండి మూట బల్ల మీద పెడుతూ 'ఇంకో నెలైనా సరే కూర్చోవాలి తమ్ముడూ' అన్నాడు. అంతే. ఒళ్ళు మండింది. ఇంతకంటే కారణం లేదు, నేనూ చాలా ఏళ్ళు వెతికాను."

బయట ట్రెవర్ టైరు తన్ని చూస్తున్న చప్పుడు వినిపిస్తోంది.

"గేటు ముందు లైను కట్టి నిలబడ్డారు. పట్టపగలు. ముందు మా అన్న. నేను టిఫిను డబ్బా చంకలో పెట్టుకుని నడిచాను. వాడు తిట్టలేదు. చెయ్యి ఎత్తలేదు. 'క్లారీ, ఒక్క నిమిషం ఆగు' అన్నాడు. నేను ఆగలేదు."

"ఆగుంటే?"

"ఆగితే వాడి మాట వింటానేమోనని భయం. అందుకే నేల చూస్తూ దాటిపోయాను."

ఆ తర్వాత జరిగింది ఆయన పెద్దగా ఎమోషను లేకుండా చెప్పాడు, పక్కింటి సంగతి చెప్పినట్టు. రొట్టెల బండి వాళ్ళ గుమ్మం దగ్గర ఆగడం మానేసింది. మంగలి సగం గడ్డం గీసి, పేరు విని కత్తి మడిచాడు. బార్‌లో ఆయన నిలబడితే చుట్టూ ఉన్నవాళ్ళు గ్లాసులు తీసుకుని ఇంకో చివరికి జరిగిపోయేవాళ్ళు. ఎడ్నా కొట్టుకి వెళితే ఆమె ముందున్నవాళ్ళకీ వెనకున్నవాళ్ళకీ సరుకు కట్టి, ఆమె అక్కడ లేనట్టే చూసేవాళ్ళు. ఎవరూ ఒక్క దెబ్బ వెయ్యలేదు, ఒక్క కిటికీ పగలగొట్టలేదు. ఆ ఊళ్ళో అలా చెయ్యరు. మాట్లాడటం మానేస్తారు, అంతే. అది నెలా రెండు నెలలు కాదు. మనిషి ఉన్నంతకాలం. పోయినా కూడా పేరు మిగులుతుంది.

"ఒక రాత్రి పెర్సీ ఇంటికి వెళ్ళాను. తలుపు తీశాడు. 'ఈ ఊళ్ళో నీకు పడక లేదు' అన్నాడు. తలుపు వేశాడు. వారంలో మీ అమ్మా నేనూ ఇక్కడున్నాం."

ఇప్పుడు గ్లెనిస్‌కి రాత్రి ఎందుకు ఉండనన్నాడో తెలిసింది. నీళ్ళు తెలిశాయి, రొట్టె తెలిసింది, పెట్రోలు తెలిసింది. ముక్కలన్నీ ఒకదాని పక్కన ఒకటి సర్దుకుంటుంటే ఊరటగా ఉండాలి కదా, ఆమెకి ఇంకా గందరగోళంగా ఉంది. తండ్రికి మతి పోలేదు. సంతోషించాలి. కానీ మతి ఉన్న ఈ మనిషెవరు? నలభై నాలుగేళ్ళుగా ఎవర్ని నాన్నా అని పిలిచింది?

"ఆ బకెట్టు?" అంది, ఇంకేం అడగాలో తోచక.

"టీ నీళ్ళు ఇవ్వనివాళ్ళు మరుగుదొడ్డికి రానిస్తారా? వయసు మళ్ళింది, అమ్మాయ్. ఇదివరకటిలా పొద చాటు సరిపోదు."

ఆమెకి నవ్వు ముందొచ్చిందో ఏడుపు ముందొచ్చిందో తెలియలేదు. రెండూ కలిసే వచ్చాయి.

"ఇన్నేళ్ళయింది. ఇంకా ఎవరికి గుర్తుంటుంది నాన్నా?"

"నీకు ఇస్తారు టీ. నా కూతురివని తెలిసేదాకా."

"మరి ఇప్పుడెందుకు వెళ్ళడం?"

"పెర్సీ ఆసుపత్రిలో ఉన్నాడు. గనిలో పీల్చిన దుమ్ము. ఇక ఎన్నాళ్ళో బతకడట. వాడి కూతురు, మెరిలిన్ అట పేరు, పోయిన వారం ఎవర్నో పట్టుకుని నా నంబరు సంపాదించి ఫోన్ చేసింది. వాణ్ణి ఒక్కసారి చూస్తాను. మధ్యాహ్నం పూట రోగుల్ని చూడనిస్తారు, ఎవరికీ తెలియకుండా వెనక గుమ్మంలోంచి వెళ్ళి చూసి వచ్చేస్తాను. కనబడకుండా వెళ్ళాలి, కనబడకుండా రావాలి. అంతే నా ప్లాను. గడియారం మీద మీ ఇద్దరూ పోట్లాడుకోండి, నాకేం."

"ఆయన రమ్మన్నాడా?"

"మెరిలిన్ని అడిగాను. రమ్మనలేదట. రావద్దనీ అనలేదట. నా పేరెత్తితే గోడ వైపు తిరిగాడట. దాన్నేమనుకోవాలో నాకూ తెలీదు."

గ్లెనిస్ లేచి వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేసింది. వెయ్యాలో వద్దో పూర్తిగా తేల్చుకోకుండానే వేసింది. "నేను తీసుకెళ్తాను. వెంట్‌వర్త్ దాకా కాదు. మొత్తం," అంది.

అప్పుడే ట్రెవర్ చేతులు తుడుచుకుంటూ లోపలికి వచ్చాడు. ఇద్దరి మొహాలూ చూసి గుమ్మంలో ఆగాడు. గ్లెనిస్ నాలుగు ముక్కల్లో చెప్పింది. వింటున్నకొద్దీ ట్రెవర్ మొహంలో రంగు తగ్గుతూ వచ్చింది. మామగారి కథకి అల్లుడు అంతలా చలించిపోతాడని ఆమె అనుకోలేదు. కొంచెం ముచ్చట కూడా పడింది.

"కనబడకుండా వెళ్ళాలా?" అన్నాడు ట్రెవర్.

"అవును."

"ఎవరికీ తెలియకుండానా?"

"చెవుడా అల్లుడూ?" అన్నాడు క్లారీ.

ట్రెవర్ కూర్చున్నాడు. "పొద్దున షాపు నుంచి ఫోన్ చేశాను మావయ్యా. అప్పటికి ఇంకా ఈ నీళ్ళ క్యాన్లవీ చూడలేదు కదా. అంత దూరం వెళ్ళినందుకు మంచి భోజనమైనా చేద్దామనుకున్నాను. ఊళ్ళో కార్మికుల క్లబ్బు ఉందిగా. గురువారం మధ్యాహ్నానికి ముగ్గురికి టేబుల్ చెప్పాను."

"నీ పేరు మీద చెప్పావు," అంది గ్లెనిస్. అది ప్రశ్న కాదు, ప్రార్థన.

"మావయ్య సంతోషిస్తారని... ఆయన పేరు మీద. క్లారీ పాస్కో, మిల్డ్యూరా నుంచి అని. అవతలావిడ కాసేపు ఏం మాట్లాడలేదు. లైను పోయిందనుకుని నంబరు కూడా మళ్ళీ చెప్పాను. ఈ ఇంటి నంబరే."

క్లారీ అల్లుడి వైపు తిరిగాడు. తిడతాడని గ్లెనిస్ ఎదురుచూసింది. ఆయన తిట్టలేదు. మొహంలో కోపం కూడా లేదు. ఇంటి మీద పిడుగు పడ్డవాడికి పక్కవాడి మీద కోపం రావడానికి తీరికెక్కడిది?

"గనిలో తండ్రి పనిచేస్తే ఆ క్లబ్బులో కూతురు వడ్డిస్తుంది," అన్నాడు మెల్లగా. "ఈపాటికి పెంపుడు కుక్కలకి కూడా తెలిసుంటుంది. ప్రయాణం ఆపెయ్యండి. వాడి చివరి రోజుల్లో వాడి గుమ్మం ముందు రభస నాకొద్దు."

"మావయ్యా, నేను మళ్ళీ ఫోన్ చేసి పేరు తప్పు చెప్పానని..."

హాల్లో ఫోను మోగింది.

అది ఆగకుండా మోగుతుంటే గ్లెనిసే వెళ్ళి ఎత్తింది. అవతల ఒక ఆడమనిషి గొంతు, పరిగెత్తుకొచ్చినట్టు ఆయాసపడుతోంది.

"పాస్కో వాళ్ళిల్లేనా? నా పేరు మెరిలిన్. మీరు బాబాయి కూతురు గ్లెనిస్ కదూ? అమ్మా, ఏం చేశారు మీరు! క్లబ్బులో టేబులేంటి? మధ్యాహ్నానికల్లా ఎవరో ఆసుపత్రికొచ్చి నాన్న చెవిన వేసేశారు."

"పొరపాటైంది. మేం రావడం మానేస్తున్నాం, ఆయన్ని కంగారు పడొద్దని..."

"కంగారా? రెండు వారాలుగా మంచం మీంచి తల ఎత్తని మనిషి లేచి కూర్చున్నాడు! దిండు సరిచెయ్యమన్నాడు. గడ్డం గియ్యమన్నాడు. బతికున్న పాతవాళ్ళందరికీ కబురు పెట్టించాడు. గురువారం ఆసుపత్రి గేటు ముందు లైను కడతారట. నాన్నని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి లైను ముందు పెట్టాలట. డాక్టరు కుదరదంటే, 'నా చావు నేను చస్తా, నువ్వు పక్కకి జరుగు' అన్నాడు. వింటున్నారా?"

గ్లెనిస్ వింటోంది. వెనక్కి తిరిగేసరికి తండ్రి హాలు గుమ్మంలో ఉన్నాడు. ఆ గొంతు ఆయన దాకా వినిపిస్తూనే ఉంది.

"వెళ్ళొద్దు నాన్నా," అంది ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టి. "మళ్ళీ అందరి ముందూ నిన్ను నిలబెడతారట. వద్దు."

ఆయన రిసీవరు అందుకున్నాడు.

"మెరిలిన్, నేనమ్మా. మీ బాబాయిని... ఏడవకు. ఏడవకు తల్లీ. ఇవన్నీ ఎందుకు చేస్తున్నాడో ఏమైనా అన్నాడా? వాడి మాటల్లోనే చెప్పు, నువ్వేం కలపకు."

చాలాసేపు విన్నాడు. "సరే" అన్నాడు. ఫోను పెట్టేసి, పెట్టిన చెయ్యి తియ్యకుండా అలాగే నిలబడ్డాడు.

"ఏమన్నాడట?" అంది గ్లెనిస్.

"'ఈసారైనా ఆగుతాడేమో చూస్తా' అన్నాడట."

"ఆగితే?"

"మెరిలిన్ కూడా అదే అడిగిందట. గోడ వైపు తిరిగాడట."

"నాన్నా, ఆగితే ఏం చెప్తాడు నీకు? తిడతాడా? లోపలికి రమ్మంటాడా? ఆ రోజు గేటు దగ్గర ఒక్క నిమిషం ఆగమని ఏం చెప్పబోయాడు?"

క్లారీ పాస్కో కూతురి వైపు తిరిగాడు. కళ్ళు నిండి ఉన్నాయి. పాతికేళ్ళ కుర్రాడు టిఫిను డబ్బా చంకలో పెట్టుకుని నిలబడ్డట్టు ఉంది ఆ మొహం.

"అదే తెలీదు, అమ్మాయ్," అన్నాడు. "ఇన్నేళ్ళుగా అదే తెలీదు."